వన్స్‌మోరుకి దరఖాస్తు

గండికోట చిదంబరంగారి గొంతులో ఇంకా ఎంత దమ్ముందో ఆయన డాక్టరుకి తెలియదు గాని, ఆయన భార్య శేషారత్నానికి తెలుసు. ఆవిడ దాన్ని కుక్కరు కూతలతో కొలుస్తుంది.

పొద్దున్నే ఆయన వరండాలో కూచుని "తోటలోని తేటి తోడుగా నడిగితి" అన్న పద్యం ఎత్తుకుంటారు. పద్యం నాలుగు పాదాలూ అయి, చివర రాగం అందుకునే వేళకి ఈవిడ వంటింట్లో కుక్కరు పొయ్యెక్కిస్తుంది. పూర్వం మూడు కూతలు దాటినా రాగం దిగేది కాదు. పప్పు మెత్తబడేది గాని ఆయన మెత్తబడేవారు కాదు. అరవయ్యారో ఏడు వచ్చాక ఒకటిన్నర కూతకే దగ్గు అడ్డం పడుతోంది.

ఆ పద్యం 'హేమలేఖా కల్యాణం' నాటకంలోది. రాజు తోటమాలి వేషం వేసుకుని, రాకుమారి జాడ చెప్పమని తుమ్మెదని అడిగే ఘట్టం. చిదంబరంగారి గురువుగారు దానికి ఒక వరస కట్టారు. ఆ వరస తెలిసినవాళ్ళు ఒకప్పుడు తెనాలిలోనే నలుగురుండేవారు. ఇప్పుడు ఈయనొక్కరే మిగిలారు. నేర్చుకుంటామని వచ్చిన కుర్రవాళ్ళు రెండో పాదం దగ్గరికొచ్చేసరికి సెల్‌ఫోన్లు చూసుకునేవారు.

"నేను దగ్గుతూ పోతే ఈ వరస కూడా నాతో దగ్గుకుంటూ పోతుందే," అనేవారు ఆయన.

"పొద్దున్నే ఆ మాటలేమిటండీ, కాఫీ తాగండి," అనేది ఆవిడ. అని, వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడేది.

అలాంటి రోజుల్లో సంప్రదాయ రంగకళల చలనచిత్రీకరణ మండలినించి ఉత్తరం వచ్చింది. 'హేమలేఖా కల్యాణం అను పద్యనాటకమును చలనచిత్రముగా రూపొందించుటకు మండలి సూత్రప్రాయముగా అంగీకరించినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది' అని అందులో ఉంది. చిదంబరంగారు దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి రాగంతో చదివారు.

"ఇంక పద్యం ఎక్కడికీ పోదే రత్నం! ఫిల్ములో ఉండిపోతుంది."

ఉత్తరం వెనకే మండలి ఉపసంచాలకులు సర్వోత్తమరావుగారు స్వయంగా వచ్చారు. చేతిలో 'సంప్రదాయ గణన పత్రం' అని ఒక కాగితం, చొక్కా జేబులో మూడు రంగుల కలాలు. ఆ సమయానికి ముప్ఫయ్యేళ్ళుగా చిదంబరంగారికి హార్మోనియం వాయిస్తున్న మస్తాన్‌గారు కూడా అక్కడే ఉన్నారు.

"మా మార్గదర్శక సూత్రాల్లో పద్నాలుగోది చాలా ముఖ్యమైనదండి," అన్నారు ఉపసంచాలకులు కుర్చీలో సర్దుకుంటూ. "'రంగస్థల సంప్రదాయములలో ఏ ఒక్కటియు చిత్రమునందు లోపించరాదు.' కాబట్టి ముందు చెప్పండి. మీ నాటకంలో సంప్రదాయాలు మొత్తం ఎన్ని?"

"ఎన్నేమిటండీ? నాటకమే సంప్రదాయం కదా," అన్నారు చిదంబరంగారు.

"అలా గుండుగుత్తగా కుదరదండి. వరస సంఖ్య కావాలి."

మస్తాన్‌గారు అందుకున్నారు. "రాసుకోండి సార్. హార్మోనీ పెట్టె స్టేజీకి ఎడంపక్క. కిరీటం కింద తడిగుడ్డ, లేకపోతే నెత్తి బొబ్బలెక్కుద్ది. తెరవెనక సోడా."

"గోలీసోడాయా, మామూలు సోడాయా?"

"దొరికింది సార్."

ఆయన 'దొరికినది' అని రాసుకున్నారు.

"ఇక అన్నిటికన్నా పెద్దది వన్స్‌మోరు," అన్నారు చిదంబరంగారు, ఉత్సాహం పట్టలేక. "పద్యం నచ్చితే జనం వన్స్‌మోరని కేకలేస్తారు. మళ్ళీ పాడాలి. పాడినట్టే పాడితే వాళ్ళని అవమానించినట్టు. మొదటిసారికంటే రాగం ఇంకో మెట్టెక్కాలి. మళ్ళీ అంటే ఇంకో మెట్టు. బాపట్లలో ఒకసారి నాచేత ఈ పద్యం ఏడుసార్లు పాడించారు. అవతల హేమలేఖ వేషం వేసినావిడ నిలబడలేక తోటలోనే చతికిలపడింది."

సర్వోత్తమరావుగారు ఎర్రకలం తీశారు. "ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లో జాబితా ఉందాండీ?"

"అది జనం ఇష్టం కదండీ."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "'జనం ఇష్టం' అనే గడి ఇందులో లేదే!" అన్నారు, నిజంగానే బాధపడుతూ. చివరికి 'వన్స్‌మోరు: కలదు' అని రాసి, ఉప్మా తిని వెళ్ళారు.

హైదరాబాదు స్టూడియోలో షూటింగు. ఆయన వెంట శేషారత్నం కూడా వెళ్ళింది. ప్లాస్టిక్ మొగలిపొదలు, నైలాను గడ్డి. అసలు తుమ్మెదని వాడాలంటే దానికో అనుమతి తీసుకోవాలట. అందుకని సన్నటి తీగకి రబ్బరు తుమ్మెదని వేలాడగట్టారు. ఒక మూల బల్లమీద సోడా సీసా ఉంది. 'సంప్రదాయము నం.3. ముట్టరాదు' అని దానికో చీటీ కట్టారు.

దర్శకుడి పేరు ప్రణీత్. అంతకు ముందు టూత్‌పేస్టు ప్రకటనలు తీసేవాడట. మంచివాడే, అందరినీ అంకుల్, ఆంటీ అంటాడు. కెమెరా తిరిగింది. చిదంబరంగారు పద్యం ఎత్తుకుని, రాగం తీసి ముగించారు. ఇంతట్లో తుమ్మెద తీగకి లైటు తగిలి తళుక్కుమంది.

"మళ్ళీ చేద్దాం!" అని అరిచాడు ప్రణీత్.

చిదంబరంగారి మొహం వెలిగిపోయింది. గుండెమీద చెయ్యి వేసుకుని, ముందు దర్శకుడికి, తరవాత లైట్లు పట్టుకున్నవాళ్ళకి, ఆ తరవాత టీ ఇచ్చే అతనికి వంగి నమస్కారం పెట్టారు. రెండోసారి రాగం ఒక మెట్టెక్కించారు. అప్పుడు బయట అంబులెన్సు వెళ్ళింది.

"మళ్ళీ!"

మళ్ళీ నమస్కారాలు. ఇంకో మెట్టు.

ఐదోసారికి ప్రణీత్ జుట్టు పీక్కుని శేషారత్నం దగ్గరికొచ్చాడు. "ఆంటీ, అంకుల్ ప్రతిసారీ పెంచేస్తున్నారు. ముందు తీసిన ముక్కకీ దీనికీ అతకట్లేదు. బాగా రాకపోతేనే మేం మళ్ళీ అంటాం. ఆ సంగతి కొంచెం మీరు చెప్పరా?"

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని బయల్దేరింది, చెప్పేద్దామనే. చిదంబరంగారు నైలాను గడ్డి మీద కూచుని చెమట తుడుచుకుంటున్నారు. కళ్ళు మాత్రం పెళ్ళినాడు మెరిసినట్టు మెరుస్తున్నాయి.

"చూశావుటే! సినిమావాళ్ళకి పద్యం రుచి తెలియదంటారు. ఐదు! బాపట్ల రికార్డు ఇవాళ పోయేట్టుంది. ఎంత రసికులే!"

శేషారత్నం గ్లాసు అందించింది. ఆయన తాగిందాకా ఆగి, "అవునండీ, ఇంకా కావాలంటున్నారు," అంది. అని తిరిగొచ్చి, "చెప్పానయ్యా," అంది ప్రణీత్‌తో.

మొత్తం పదకొండుసార్లు అయింది. పదకొండోసారి ఆయన రాగం అందుకున్నాక లైట్లవాళ్ళు కదలడం మానేశారు. టీ అతను కెటిలు కింద పెట్టేశాడు. ఇంటిదగ్గరయితే కుక్కరు మూడు కూతలూ వేసి, నాలుగోదానికి సిద్ధమయ్యేది. దగ్గు దరిదాపులకి రాలేదు. రాగం దిగాక కూడా ఆపమనే మాట ప్రణీత్ నోట రాలేదు. కెమెరా అలా తిరుగుతూనే ఉంది.

"మళ్ళీయా బాబూ?" అన్నారు చిదంబరంగారు ఆశగా.

"వద్దంకుల్," అన్నాడతను మెల్లిగా. "ఇంక అక్కర్లేదు."

ఆ మాటకి ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా.

రెండు నెలల తరవాత మండలివారి దగ్గర్నించి చిత్ర పరిశీలనోపసంఘం నిర్ణయాల ప్రతి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని శేషారత్నమే పైకి చదివింది. మస్తాన్‌గారూ ఉన్నారు.

"'చిత్రమును ఉపసంఘము తిలకించినది. వన్స్‌మోరు అను సంప్రదాయము ఎచ్చటను కానరాలేదు. ఇది పద్నాలుగవ సూత్రమునకు విరుద్ధము. కావున చిత్రమునందలి నలుబదిరెండు పద్యములను ఒక్కొక్కటి రెండేసి పర్యాయములు చూపవలెను.'"

"అల్లా! అడిగినా అడక్కపోయినానా?" అన్నారు మస్తాన్‌గారు.

"ఉండండి, అయిపోలేదు. 'అట్లు చూపినచో చిత్రము మూడు గంటల నలుబది నిమిషములగుచున్నది. తొమ్మిదవ సూత్రము ననుసరించి రెండు గంటల పదిహేను నిమిషములకు మించరాదు. కావున...'" ఆవిడ ఆగింది.

"కావున?" అన్నారు చిదంబరంగారు.

"'కావున ప్రతి పద్యమును సగమునకు తగ్గించి, ఆ సగమును రెండుసార్లు చూపవలెను.'"

రెండుసార్లు వినిపించడం కోసం ఒకసారి కూడా పూర్తిగా వినిపించకపోవడం అన్న ఏర్పాటు బుర్రకెక్కడానికి కొంత సమయం పడుతుంది కదా.

"ఏ సగంట?" అని అడిగారు చిదంబరంగారు చివరికి.

శేషారత్నం ఆ మిగతా ముక్క ముందు మనసులోనే చదువుకుంది. పైకి చదవక తప్పలేదు. "'రాగాలాపనలయందు అక్షరములు లేనందున విషయము లేదని ఉపసంఘము భావించినది. ముందుగా అవి తొలగింపదగును.'"

మర్నాడు వరండాలో పద్యం వినపడలేదు. ఆ మర్నాడూ లేదు. కుక్కరు తనపాటికి తను కూసి ఊరుకుంది. మూడోరోజు ఆయన కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, "అక్షరాల్లేవుట," అన్నారు. అంతే.

శేషారత్నం ఆ మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి, ఎప్పుడో బి.ఏ. చదివిన రోజుల నాటి పరీక్ష అట్ట పెట్టుకుని, తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టింది. మండలివారితో మనుషుల భాషలో మాట్లాడితే లాభం లేదని ఆవిడకి ఈపాటికి అర్థమైంది.

'గౌరవనీయులైన ఉపసంచాలకులవారికి. పద్నాలుగవ సూత్రము అమలుపై మండలి చూపుచున్న శ్రద్ధకు ముగ్ధురాలనై ఈ క్రింది లోపములను సవినయముగా మనవి చేయుచున్నాను. ఒకటి: వన్స్‌మోరు అడుగుట ప్రేక్షకుల సంప్రదాయము. అడుగకనే ఇచ్చినచో అది వన్స్‌మోరు కానేరదు. రెండు: రెండవ పర్యాయము రాగము మొదటిదానిని మించవలెను. చిత్రమునందు రెండును సమానముగానే యుండును. మూడు: ప్రేక్షకులు రెండింటితో తృప్తి చెందనిచో మూడవదానికి ఏర్పాటు కానరాదు. పై మూడు సంప్రదాయములును చిత్రమునందు లోపించినవని తమరి దృష్టికి తెచ్చుటకు చింతించుచున్నాను.'

సంతకం పెట్టి, పోస్టులో వేసి వచ్చి పెరుగు తోడుపెట్టుకుంది.

ఆ ఉత్తరం మండలిలో పెద్ద కలకలం రేపిందని తరవాత తెలిసింది. మూడు లోపాలు! ఉపసంఘం కింద ఇంకో ఉపసంఘం పుట్టింది. పదిహేను రోజుల్లో ఉత్తర్వులొచ్చాయి. చిత్రం ఆడే ప్రతి హాల్లోనూ ఒక వన్స్‌మోర్ అధికారి ఉండాలి. ప్రేక్షకుడు నమూనా-6లో దరఖాస్తు పెట్టుకోవాలి. చిత్రంలో మంజూరైన రెండు పర్యాయాలకి మించి కోరిన పక్షంలో, 'సదరు అదనపు వన్స్‌మోరును నెరవేర్చు నిమిత్తము సంబంధిత నటీనటులు వాద్య సహకారముతో ప్రదర్శన స్థలమునందు సిద్ధముగా నుండవలెను.'

"ఇదేమిటే?" అన్నారు చిదంబరంగారు అనుమానంగా.

"ఏమోనండీ, రమ్మన్నారు. పట్టుపంచె తీసి ఉంచాను," అంది శేషారత్నం.

మొదటి ఆట తెనాలిలోనే వేశారు. పగలు పదకొండు గంటలకి, ఎందుకంటే అధికారులకి అది ఆఫీసు వేళ. హాలు నిండిపోయింది. వన్స్‌మోర్ అధికారి పోస్టు ఇంకా భర్తీ కానందున ఆ బాధ్యతలు సర్వోత్తమరావుగారే అదనంగా చూస్తున్నారు. ముందు వరసలో ఒక బల్ల, బల్లమీద గంట, గంట పక్కన నమూనా-6 కట్టలు. నటీనటులందరూ పక్క కుర్చీల్లో కూచున్నారు. హార్మోనియం తెరకి ఎడంపక్కనే పెట్టారు, సంప్రదాయం నంబరు ఒకటి.

బొమ్మ మొదలైంది. ప్రతి పద్యం సగానికి ఆగడం, మళ్ళీ మొదలై మళ్ళీ అక్కడే ఆగడం. పది పద్యాలయ్యేసరికి వెనకనించి, "ఏందయ్యా, నత్తి పట్టిందా మిషన్‌కి?" అని ఎవరో అడిగారు. సర్వోత్తమరావుగారు గంట కొట్టి, "అది సంప్రదాయం!" అని చెప్పారు.

పదకొండో పద్యం మన తోటదే. తెరమీద చిదంబరంగారు రెండు నిలువుల ఎత్తున నిలబడి "తోటలోని తేటి" అన్నారు. నాలుగు పాదాలూ అయ్యాయి. రాగం కోసం నోరు తెరిచారు. అంతలో బొమ్మ ఎగిరి, మళ్ళీ మొదటి పాదం దగ్గరికొచ్చింది. రెండోసారీ అంతే. నోరు తెరవడం వరకే మంజూరు.

పక్క కుర్చీలో చిదంబరంగారు తల దించుకున్నారు.

నలభయ్యేళ్ళుగా శేషారత్నం ఆయన నాటకాలు చూస్తూనే ఉంది. ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. మొగుడి పద్యానికి పెళ్ళామే వన్స్‌మోరు కొడితే నలుగురూ నవ్వుతారని. ఇప్పుడు మూడో వరసలోంచి లేచి నిలబడి, పక్కింటి దొడ్లోకి వినపడేలా అరవడం అలవాటైన గొంతుతో, "వన్స్‌మోర్!" అని కేకపెట్టింది.

గంట మోగింది.

"ఆపండి బొమ్మ! దరఖాస్తు!" అన్నారు సర్వోత్తమరావుగారు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. ఇన్నాళ్ళకి నమూనా-6కి పని తగిలింది.

లైట్లు వేశారు. శేషారత్నం బల్లదగ్గరికి వెళ్ళి గబగబా నింపింది. పేరు, వయస్సు, కోరిన పద్యం. నాలుగో గడిలో 'నటునితో బంధుత్వము గలదా?' అని ఉంది. ఆవిడ కలం చివర కొరుక్కుని, ఒక్క ముక్క రాసింది. ఉపసంచాలకులు దాన్ని పైకి చదివారు.

"'తెరమీది మనిషితో లేదు.' మంచిదమ్మా. ప్రశ్నకి జవాబు ఉంది, సరిపోతుంది." ముద్ర వేశారు. "సంబంధిత నటుడు హాజరుకావలెను!"

చిదంబరంగారు లేచారు. మస్తాన్‌గారు అప్పటికే హార్మోనియం తిత్తులు కదుపుతున్నారు. చిదంబరంగారు తెర ముందు నిలబడి పద్యం ఎత్తుకున్నారు. నాలుగు పాదాలూ అయ్యాయి. అప్పుడు రాగం అందుకున్నారు, అక్షరాలు లేనిది, విషయం లేనిది. అది ఎక్కడికి వెళ్ళాలో అక్కడికల్లా వెళ్ళి, దగ్గుని గుమ్మం దగ్గరే ఆపి, నెమ్మదిగా దిగివచ్చింది.

ఇంక కేకలకి అంతులేదు. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" నమూనా-6లు పంచలేక సర్వోత్తమరావుగారు, "మూకుమ్మడి దరఖాస్తుగా పరిగణించడమైనది!" అని ప్రకటించారు. చిదంబరంగారు మళ్ళీ పాడారు, మెట్టు పెంచి. మళ్ళీ పాడారు. ఆ తరవాత బొమ్మ వెయ్యబోతే జనం ఊరుకోలేదు. హేమలేఖ లేచి తన పద్యం పాడాల్సొచ్చింది. తెర అడ్డంగా ఉంది, వెనకనించి వచ్చేవాళ్ళకి దారి లేదని ఎవరో దాన్ని చుట్టి పైకి కట్టేశారు. మిగతా 'చిత్రం' అంతా అలాగే నడిచింది. చిదంబరంగారు మధ్యలో సోడా కూడా తాగారు.

మండలివారి నివేదిక నెల తిరక్కుండా వచ్చింది. శేషారత్నం దాన్ని చదివి, నవ్వు ఆపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

'చిత్రము సహజత్వమునందు మిక్కిలి ఉన్నత ప్రమాణములను అందుకొన్నది. పద్నాలుగు సూత్రములును సంపూర్ణముగా నెరవేరినవి. ఇకపై అన్ని జిల్లాలలో జరుగు చిత్రప్రదర్శనలకు నటీనటులు విధిగా హాజరుకావలెను. వీక్షణమునకు అంతరాయము కలుగకుండ తెరను చుట్టి ఉంచవలెను. ఇది చలనచిత్రమే అయినందున ప్రొజెక్టరును, ప్రొజెక్టరు నడుపువానిని మాత్రము తప్పనిసరిగా ఏర్పాటు చేయవలెను.'

అలా చిదంబరంగారు సినిమా నటులై, ఊరూరా తిరిగి నాటకం ఆడడం మొదలుపెట్టారు. ప్రతి ఊళ్ళోనూ హాలు వెనక ప్రొజెక్టరు పక్కన ఒకాయన కుర్చీ వేసుకుని నాటకం చూసేవాడు. అతనికి పద్యాలన్నీ వచ్చేశాయిట.

ఒక ఆదివారం పొద్దున శేషారత్నం సెల్‌ఫోనుకి ప్రణీత్ ఏదో పంపించాడు. 'ఆంటీ, అంకుల్ ఆరోజు పదకొండోసారి పాడింది. తీసెయ్యమన్నారు గాని తీసెయ్యలేకపోయాను. మొత్తం ఉంది.' ఆవిడ కుక్కరు పొయ్యెక్కించి, ఫోను మసాలా డబ్బా మీద ఆనించి నొక్కింది. రాగం వంటింటినిండా పరుచుకుంది. ఒక కూత. రెండు. మూడు.

చిదంబరంగారు పేపరు చేత్తోనే గుమ్మంలోకొచ్చి నిలబడి, చివరంటా విన్నారు.

"ఉందన్నమాట," అన్నారు.

"ఉంది. ఇంకెక్కడికీ పోదు."

"ఏదీ, మళ్ళీ పెట్టు."

ఆవిడ మళ్ళీ పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, తల పంకిస్తూ, వేళ్ళతో మెట్లు లెక్కపెట్టుకుంటూ విన్నారు. అయిపోగానే కళ్ళు తెరిచి, మోసపోయినవాడిలా ఫోనువంక చూశారు.

"ఇదేమిటే! ఇందాక ఎంత పాడాడో ఇప్పుడూ అంతే పాడాడు!"

"మరి అంతే పాడతాడండీ, ఎన్నిసార్లు పెట్టినా."

"ఛ! ఇదేం వన్స్‌మోరే?" పేపరు పక్కన పడేసి, వరండాలోకి వెళ్ళి గొంతు సవరించుకున్నారు. "అసలుది ఎలా ఉండాలో విను." పద్యం ఎత్తుకున్నారు.

నాలుగు పాదాలూ అయి రాగం అందుకున్నాక మళ్ళీ ఒక కూత వచ్చేసింది. రెండోది కుక్కరు మూతి దగ్గర బుసబుసమంటోంది. వరండాలో ఊపిరి సన్నబడుతున్న చప్పుడు శేషారత్నం చెవికి తెలిసిపోయింది.

ఆవిడ చెయ్యి చాపి, పొయ్యి మంట బాగా తగ్గించింది.